బావ ల్యాప్‌టాప్‌లో నాన్న ఆర్గాన్

కడపలో ఓబులేసు బావ ఇంట్లో, ల్యాప్‌టాప్‌కు తగిలించిన చిన్న కీబోర్డు మీద బావ వేలు పెట్టగానే, ఎప్పుడో పోయిన మా నాన్న ఎలక్ట్రిక్ ఆర్గాన్ పలికింది. ముందు గుయ్‌మని ఆ రొద, వెనకే ముక్కుతో పాడినట్టుండే ఆ స్వరం. పాత భజన క్యాసెట్లు వింటూ సాఫ్ట్‌వేర్‌తో తయారు చేశాడట. అందరూ ఆహా అంటున్నారు గానీ నాకు మాత్రం కడుపు మండిపోయింది. మా నాన్న శబ్దం ఈయన దగ్గర ఉండటమేమిటి!

కోడుమూరులో మాది మగ్గాల ఇల్లు. శ్రీరామనవమి సాయంత్రం, మిరియాల ఘాటుతో పానకం గొంతు దిగుతుంటే, ఎండకు కాలిన వీధిలో నీళ్లు చల్లి చాపలు పరిచాక, నాన్న ఆర్గాన్‌కు కుంకుమ బొట్టు పెట్టి, ఊదుబత్తి తిప్పి, అప్పుడు స్విచ్చి వేసేవాడు. పక్కన కూర్చునేది మేనత్త కొడుకు ఓబులేసు. నాన్న అతని వేళ్లు పట్టుకుని మరీ నేర్పేవాడు. నా చేతికిచ్చింది మెత్తటి గుడ్డ.

"కరెంటు తీసినాంక తుడువు పాపా. ఆడపిల్లవి, నీకెందుకు ఇయన్నీ?"

పలకని మీటలు ఒక్కొక్కటే తుడుస్తూ, బావ వేళ్లు కొంకర్లు పోవాలని ఎన్ని మొక్కులు మొక్కానో! చేలల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా ఆడితే వోల్టేజీ పడిపోయి ఆర్గాన్ శ్రుతి కిందికి జారేది. నాన్న ఆపేవాడు కాదు, పాడేవాళ్లంతా దాని వెంబడే గొంతులు దించుకునేవాళ్లు. పక్క ఊరివాళ్లు నవ్వినా మాకు భజనంటే అదే.

అది గుర్తొచ్చి, తప్పు దొరికిందని లోపల సంబరపడుతూ అడిగాను.

"వోల్టేజీ పడితే దిగిపోతాండె కదా బావా, అది యాడుండాది?"

బావ నవ్వి, తెర మీద ఏదో కిందికి జరిపాడు. శ్రుతి మెల్లగా జారింది, అచ్చం అలాగే. అదీ ఆయనకే దక్కింది.

"మామ శానా గుర్తొస్తాండాడు" అని కళ్లు తుడుచుకుని లేచి, కుర్చీ నా వైపు జరిపాడు. "రా, కూచో. నువ్వు వాయించు."

ఆర్గాన్ పాతసామాన్ల బండెక్కి పోయింది, నాన్న పోయాడు, ఆ భజన గుంపూ లేదు. వద్దనేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. కూర్చుని వేలు చాపాను. నాకు రావలసింది బావ ఎత్తుకుపోయాడని ఇన్నేళ్లూ ఉడికిపోయినదాన్ని, 'స' మీట ఎక్కడుందో తెలియక మళ్లీ బావ ముఖమే చూశాను.