లోపలికి పారాల్సిన వాగు

ఆ రోజుల్లో మాదాపూర్‌లో భవనాలకంటే బండరాళ్లే ఎక్కువ. కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు ముందు కంప్యూటర్లు కొనేవారో, వాస్తు చెప్పేవాణ్ణి పిలిచేవారో తేల్చడం కష్టం. నేను ఒక ప్రభుత్వ సంస్థలో గుమాస్తా పని వదులుకుని అలాంటి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మినిస్ట్రేషన్ ఆఫీసరుగా చేరాను. పేరు ఘనంగా ఉంది గాని, చేసేది కుర్చీలు, కరెంటు, మంచినీళ్ల డబ్బాలు చూసుకునే పని. ఆరు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. చందానగర్‌లో కిరాయి ఇల్లు, ఇంట్లో చంటిపిల్ల. వెనక్కి వెళ్లడానికి పాత ఉద్యోగం లేదు. అందుకని ఆ ఆరు నెలలూ ఎవరేం చెప్పినా సరేననడం అలవాటు చేసుకున్నాను.

ఆఫీసు ప్రారంభానికని మా బాస్ ఒక బొమ్మ కొన్నాడు. కొండాపూర్ వైపు బండల మధ్య పారే చిన్న వాగు. రాగిరేకు మీద చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దిన బొమ్మ అది. అడుగున పెన్సిల్‌తో యాభైలో అది ఎన్నోదో వేసి, పక్కనే సంతకం పెట్టారు. అలాంటివి యాభై మాత్రమే అద్ది ఆపేస్తారట. (సంతకానికి పెన్సిల్ ఎందుకు, పెన్ను దొరకలేదా అని అడిగాను. బాస్ మేకు ఎక్కడ కొట్టించాలో చూపించాడు.) వేసినావిడ డ్రాయింగు టీచరు పని మానేసి, బొమ్మలు వేస్తూ, పత్రికలకు కథలు కూడా రాసేది. ఎప్పుడు చూసినా బండలే వేస్తుందని ఆమె వీధిలో పిల్లలు రాళ్లమ్మ అని పిలిచేవారు. ప్రారంభోత్సవానికి ఆమే ముఖ్య అతిథి.

కంపెనీకి పెట్టుబడి పెట్టింది మాత్రం బాస్‌కు పిల్లనిచ్చిన మామగారు. గుంటూరు మిర్చి వ్యాపారి. ప్రారంభానికి వారం ముందు వచ్చి, రిసెప్షన్ గోడ మీది బొమ్మ ఎదుట చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

“బాగానే ఉందయ్యా. ఈ నీళ్లు ఎటు పోతున్నాయి?”

“కుడివైపుకండీ,” అన్నాను.

“కుడివైపు ఏముంది?”

“వీధి గుమ్మమండీ.”

“అయితే నా డబ్బంతా వీధిలోకి పోతోందన్నమాట.”

ఎదుటి గోడంతా అద్దం, బొమ్మను అటు మార్చలేం. తీసేస్తే ముఖ్య అతిథికి అవమానం. ఉంచితే మామగారు దీపం వెలిగించరు. బాస్ నన్ను గదిలోకి పిలిచి, “మీరు పద్ధతిగల మనిషని తీసుకున్నాను. ఇద్దరిలో ఎవరూ నొచ్చుకోకూడదు. ఇది కాలేదంటే మీ ఆరు నెలల సంగతి నేనేమీ చెప్పలేను,” అన్నాడు.

నేను పద్ధతిగానే ఆలోచించాను. యాభై అద్దిన మనిషి ఇంకొకటి తిరగేసి అద్దలేదా అనిపించింది. మర్నాడే ఆపిల్ పళ్లు పట్టుకుని మియాపూర్‌లో రాళ్లమ్మ ఇంటికి వెళ్లి, వచ్చిన పని చెప్పాను. మణికట్ల దాకా సిరాతో ఉన్న చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఆమె విన్నది.

“ఏంది సారూ, వాగును ఎనక్కి తిప్పమంటున్నవా?”

“బొమ్మలోదే కదండీ.”

“బొమ్మల పారేది వాగు గాదా?”

“వాగేనండీ. కాకపోతే మా ఆఫీసులో ఉందండీ.”

ఆమె నవ్వకుండా లోపలికి వెళ్లి ఒక రాగిరేకు తెచ్చింది. అద్దినప్పుడు బొమ్మ ఎడమ కుడి అవుతుంది గనక, రేకు మీద వాగు సరిగ్గా మామగారికి కావలసిన వైపుకే పారుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“ఇదే ఇప్పించండి. ఇదే గోడకు పెట్టుకుంటాం.”

“జర మంచిగ చూడు.”

చూస్తే రేకు మీద ఈ మూల నుంచి ఆ మూలకు లోతుగా రెండు అడ్డగీతలు. యాభై అయ్యాక మళ్లీ ఎవరూ అద్దకుండా తనే కొట్టేసిందట.

“మీ పెద్దమనిషికి గీ కొట్టేసిన వాగు నడుస్తదా?”

నడవదు. అది చూస్తే ఆయన కంపెనీనే కొట్టేస్తారు. “నా ఉద్యోగం మీ చేతుల్లో ఉందండీ,” అన్నాను.

“వాగు మీద ఆధారపడ్డ నౌకరా? గిదేం నౌకరి సారూ.” చాయ్ తెచ్చి ఇస్తూ అన్నది, “వాగు తిప్పుడు నాతోని గాదు. గంత పరేషాన్ ఉంటే మీ దర్వాజనే తిప్పుకోరాదుండ్రి.”

ఆమె ఎగతాళికన్నదని ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు. నేను మాత్రం చాయ్ సగంలో వదిలేసి బస్సు కోసం పరుగెత్తాను. మా హాలుకు ఎడమవైపున జనరేటరు దగ్గరికి వెళ్లే తలుపొకటి ఉంది. అందరూ అటునుంచి వస్తే, నీళ్లు గుమ్మంలోంచి లోపలికి పారినట్టే. మామగారు మళ్లీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూశారు. “ఎవరిదీ ఆలోచన?” బాస్ నన్ను చూపించాడు. “కుర్రాడికి బుర్రుంది,” అన్నారు. బంగారు రంగు అక్షరాలతో కంపెనీ పేరు రాయించిన వీధి గుమ్మానికి ఆ సాయంత్రమే తాళం పడింది. (ఆ రోజు డైరీలో ‘వాగు పని పూర్తయింది’ అని ఒక్క ముక్క రాసుకుని నిద్రపోయాను.)

ప్రారంభం రోజున రాళ్లమ్మ పట్టుచీర కట్టుకుని ఆటో దిగింది. నేను ఎదురెళ్లి, ఆమెను భవనం చుట్టూ తిప్పి, డీజిల్ డబ్బాలు, వాచ్‌మన్ ఆరేసుకున్న లుంగీ దాటించి తీసుకొచ్చాను. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడుస్తూ ఆమె ఆగింది.

“నిజంగనే తిప్పిండ్రా?”

“మీరే చెప్పారు కదండీ.”

లోపల మామగారు దణ్ణం పెట్టి, “అమ్మా, మీ దయవల్ల నీళ్లు లోపలికి వస్తున్నాయి కదా?” అన్నారు. ఆమె ఒక్కసారి నవ్విందంటే ఆయనకు అనుమానం వస్తుంది, నా ఆరు నెలలు అక్కడితో సరి. ఆమె బొమ్మను చూసింది. నన్ను చూసింది.

“వస్తున్నయండీ. మంచిగనే వస్తున్నయి,” అన్నది. ఆ ‘అండీ’ మామగారి కోసం అరువు తెచ్చుకున్నదే. దీపం వెలిగింది. కొన్నాళ్లకు నా ఉద్యోగమూ ఖాయమైంది. మేమంతా మాత్రం ఆ భవనంలో ఉన్నంత కాలం డీజిల్ వాసన పీలుస్తూనే లోపలికి నడిచాం.

తరువాత ఒక ఆదివారం పత్రికలో ఆమె కథ వచ్చింది. చీమల బారులాంటి సన్నమీసం పెట్టుకున్న ఒక మనిషి ఒడ్డున నిలబడి, తన కొలువు నిలబెట్టమని వాగును బతిమాలతాడు. వాగు జాలిపడి తిరుగుతుంది. తిరిగాక, “ఇగ నేను యాడికి పోవాలె సారూ?” అని అడుగుతుంది. కథ అక్కడితో ఆగిపోతుంది.

నాకు చాలా కోపం వచ్చింది. పత్రిక మా ఆవిడ ముందు పెట్టి, “నా మీసం చీమల బారులా ఉందా?” అని అడిగాను. ఆవిడ వెలుతురులోకి రమ్మని పరీక్షగా చూసి, “కొంచెం ఉందండీ,” అంది. మర్నాడు పొద్దున్నే గొరిగేశాను. వాగు అడిగినదాని సంగతి అప్పటికి ముప్పై రెండేళ్లున్న నేను అసలు గమనించనే లేదు.

ఇప్పుడు, బండలన్నీ భవనాలైపోయిన కొండాపూర్ మీదుగా వెళ్లినప్పుడల్లా కారు కిటికీలోంచి అటూ ఇటూ చూస్తుంటాను. ఏం వెతుకుతున్నారని మా ఆవిడ అడుగుతుంది. ఏమీ లేదంటాను. వాగుకు చెప్పాల్సిన జవాబు ఇంకా దొరకలేదు. మీసం మాత్రం మళ్లీ పెంచలేదు.