ఆమె చెయ్యి జారలేదు

పెన్సిలిన్ అనే మాట ఎవరి నోట విన్నా ఇప్పటికీ అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతాను. ఎందుకో మా ఆవిడకు తెలియదు. పిల్లలకు తెలియదు. ఇన్నేళ్ళు మోశాను. ఇక మోయలేననిపించి మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అదే మేలు.

ఎనభైల చివరి సంగతి. మాది పర్చూరు పక్క పల్లె, పొగాకు పండించే కుటుంబం. నేను గుంటూరులో కంప్యూటర్ కోర్సు చేసి, చర్చి వాళ్ళ ఆసుపత్రి ఒకదానిలో పని సంపాదించాను. రోగి రాగానే వివరాలు ఎక్కించే ప్రోగ్రాం రాయాలి. ఏసీ గది, ఒకే ఒక్క కంప్యూటర్, చెప్పులు గుమ్మం బయట వదిలి రావాలి. తెర మీద పేరుకొక గడి, ఊరికొక గడి, జబ్బుకొక గడి కట్టాను. ఎంటర్ నొక్కితే కింది గడికి దిగుతుంది, పైకి బాణం నొక్కితే వెనక్కి వెళ్ళి దిద్దుకోవచ్చు. చివర్లో 'పెన్సిలిన్ పడదా?' అని ఒక గడి. పడకపోతే ఎస్ అని వై, పడితే నో అని ఎన్. ఎక్కువమందికి పడుతుంది కదా, ఊరికే టైపు చేయడమెందుకని ఎన్ ముందే కనబడేలా పెట్టాను. పెద్ద డాక్టరమ్మ గారు మెచ్చుకున్నారు. ఒంగోలు నుంచి ఇంకో ఆసుపత్రి వాళ్ళు చూడటానికి వస్తామన్నారు. నేల మీద నడవడం మానేశాను.

ఆ గదిలో టైపు చేసే అమ్మాయి శాంతకుమారి. ప్రత్తిపాడు దగ్గర పల్లె. అమ్మానాన్నలిద్దరూ కూలికి పోయేవాళ్ళు. ఆ ఇంట్లో నీడపట్టున కూర్చుని చేసే పని మొదట దొరికింది ఆమెకే. నన్ను సార్ అనేది. నాకంటే ఏడాదో రెండేళ్ళో చిన్నదేమో.

మిరపకోతల రోజుల్లో చిట్టెమ్మ అనే కూలీ మనిషిని తీసుకొచ్చారు. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది. ఆమెకు పెన్సిలిన్ పడదని కొడుకు శాంతకుమారికి చెప్పాడట. కంప్యూటర్ నుంచి నర్సు చేతికి వెళ్ళే చీటీ మీద మాత్రం ఎన్ అని అచ్చయి వచ్చింది. ఇదివరకైతే సూది వేసేముందు కొంచెం మందు చర్మం కింద ఎక్కించి చూసేవాళ్ళు. చీటీలు వచ్చాక ఆ అలవాటు సడలింది. సూది వేసిన కాసేపటికే చిట్టెమ్మ ఊపిరి అందక నీలంగా మారిపోయింది. నేను వరండాలోంచి చూశాను. ఆమె కొడుకు మంచం అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ నోటివంకే చూస్తున్నాడు.

బతికింది. రెండు రోజులు చావుబతుకుల్లో ఉండి బతికింది. ఆ మాట ముందే చెప్పాల్సింది, నా పాపం తేలికవుతుందని ఆపానో ఏమో.

పెద్ద డాక్టరమ్మ గారు మా ఇద్దర్నీ పిలిచారు. మెషీను తనంతట తను మార్చే వీలుందా అని నన్నడిగారు.

"లేదండి. కొట్టిందే వస్తుంది," అన్నాను.

శాంతకుమారి నా వైపు తిరిగింది. "నేను వై కొట్టాను సార్. వాళ్ళబ్బాయి చెప్పగానే కొట్టాను. ఒక్కసారి చూడండి సార్."

"మెషీను అబద్ధం చెప్పదమ్మా."

ఆ మాట అన్నప్పుడు అది నిజమనే నమ్మాను. దేవుడి తోడు. కానీ నమ్మితే ఆదివారం పొద్దున్నే ఆసుపత్రికి ఎందుకు వెళ్ళాను? అందరూ చర్చికి వెళ్ళారు. పాటలు కిటికీలోంచి వినబడుతున్నాయి. కూర్చుని చిట్టెమ్మ పేరు కొట్టాను. వై కొట్టాను. సరిగ్గానే ఉంది. అప్పుడొక ఆలోచన వచ్చింది. ఊరి పేరు తప్పు పడి వెనక్కి వెళ్ళి దిద్దితే? పైకి వెళ్ళి, ఊరు దిద్ది, ఎంటర్లు కొట్టుకుంటూ కిందికి దిగాను. పెన్సిలిన్ గడిలోకి రాగానే నేను కొట్టిన వై పోయి ఎన్ వచ్చి కూర్చుంది. మళ్ళీ చేశాను. మళ్ళీ ఎన్.

గడిలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఎన్ పెట్టమని రాసింది నేనే. ఎవరైనా వెనక్కి వెళ్ళి వస్తారని తట్టలేదు. అది పొరపాటు. పొరపాటు ఎవరైనా చేస్తారు. దానికోసం నేనిది రాయడం లేదు.

ప్రోగ్రాంలో ఆ ఒక్క వరసా అక్కడే సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. సోమవారం శాంతకుమారిని పనిలోంచి తీసేశారు. నేను అదే గదిలో ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. ఒంగోలు వాళ్ళు గుర్తొచ్చారు, ఊళ్ళో మా నాన్న చెప్పుకుంటున్న గొప్పలు గుర్తొచ్చాయి. ఇంకెప్పుడైనా చెప్పొచ్చులే అనుకున్నాను. ఆమె గుమ్మం బయట చెప్పులు తొడుక్కుంటూ లోపలికి ఒకసారి చూసింది. నేను తెరవైపు తిరిగాను. భయం వల్లేనా? లేక కూలివాళ్ళ పిల్ల, ఎవరడుగుతారులే అన్న ధీమా కూడా ఉందా? ఉంది. ఆ రెండోదే నన్ను నిద్రపోనివ్వనిది.

చాలా ఏళ్ళకు ప్రత్తిపాడు వెళ్ళి ఆమె ఇల్లు వెతుక్కున్నాను, చెబుదామనే. చిన్న బడిలో పాఠాలు చెబుతోంది. కుర్చీ వేసి, టీ ఇచ్చి, కుశలం అడిగింది. చిట్టెమ్మ సంగతి ఆమే ఎత్తింది. ఇప్పటికీ పిల్లలకు మార్కులు వేసేటప్పుడు ఒకటికి పదిసార్లు చూసుకుంటానంది.

"అప్పుడు ఊరికే మీతో వాదించాను సార్. నా చెయ్యే జారి ఉంటుంది. పాపం ఆవిడ ప్రాణం మీదికి తెచ్చాను," అంది.

ఉద్యోగం ఒక్కటే పోయిందనుకుంటూ వెళ్ళాను. తను చేయని పనిని తనే చేశానని నమ్మేదాకా ఆమెను తీసుకొచ్చానని అప్పుడు తెలిసింది. ఒక్క మాట చాలు. టీ తాగి, వస్తానమ్మా అని లేచి వచ్చేశాను.

ఆమె ఇంకా అక్కడే ఉందని విన్నాను. ఇది చదివితే క్షమిస్తుందా అని నన్ను నేను ప్రశ్నించుకోవడం మానేశాను. అది అడిగే హక్కు ఆ టీ తాగిన రోజే పోయింది. మీరు కూడా ఓదార్చకండి. శాంతకుమారి వై కొట్టింది. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఈ మూడు మాటలు వరసగా నా నుంచి రావడం ఇదే మొదటిసారి.