బండి పూజ చేయించుకున్న గేమ్ పెట్టె

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తలో, జీతం పడిన రోజున నన్ను నేనో చిన్న జమీందారుననుకునేవాణ్ణి. గేమ్ కన్సోళ్లు మరీ ఖరీదైపోయాయని ఇవాళ అందరూ వాపోతుంటే నాకు నవ్వొస్తుంది. అవి చవగ్గా దొరికిన కాలమంటూ నాకైతే తెలీదు. చిన్నప్పటి నుంచీ ఆశపడ్డ ఆ పెట్టెని ఆఫీసు క్యాంటీన్లో టిఫిన్లు మానేసి (టీ మానలేదు, అంత వైరాగ్యం నాకు లేదు) కొన్నాను. కొన్నానే గానీ, కంచరపాలెంలో మా ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి పెట్టెని వీపు వెనక దాచుకున్నాను. నాన్న ఆటో తోలేవాడు. ఆయన వద్దంటే ఆ పెట్టె తిరిగి షాపుకి పోవాల్సిందే.

"ఏట్రా ఇది?" అన్నాడు.

"గేమ్ ఆడుకునేది నాన్నా." ధర కూడా మెల్లిగా చెప్పాను.

"సెకండ్ హ్యాండ్ బండి ఒచ్చీను కదరా! ఎనక్కి తీసుకుంటారేటి?"

"వారంలోపైతే తీసుకుంటారు."

"అయితే ఉంచడం సంగతి తరవాత సూద్దాం. బండంత ధరెట్టి కొన్నావు, పూజ సేయించకుండా తోలేత్తావేటి? ఎక్కు ఆటో."

మా ఊళ్లో కొత్త బండి కొన్నవాళ్లు ముందుగా వినాయకుడి గుడికే తీసుకెళ్తారు. ఆ వేళ వరసలో ఓ కారు, దాని వెనక రెండు మోటారు సైకిళ్లు, వాటి వెనక పెట్టె పట్టుకుని నేను. పంతులుగారు నిమ్మకాయలతో వచ్చి "బండేదండీ?" అన్నారు. తల దించుకుని చూపించాను. "చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి కదా, మరి చక్రాలేవీ?" అన్నారాయన.

నాన్న తడుముకోలేదు. "సెక్రాలు టీవీలో తిరుగుతాయంటండి, పంతులుగారూ."

ఆయన పెట్టెకి బొట్టు పెట్టి, నిమ్మకాయలు నా కాళ్ల ముందు పెట్టి తొక్కమన్నారు. తొక్కాను (ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు). మా వెనక వచ్చి హారన్ కొడుతున్న ఇంకో కొత్త కారాయనకి దారిచ్చి బయటపడ్డాం.

ఇంటికొచ్చి కార్ల పందెం ఆట పెట్టి, భయంభయంగా రిమోట్ నాన్న చేతికిచ్చాను. మిగతా కార్లన్నీ దూసుకుపోయాయి. నాన్న మాత్రం ఎడమ పక్కన నెమ్మదిగా, ప్రతి మలుపులోనూ హారన్ కోసం బొటనవేలితో వెతుక్కుంటూ పోనిచ్చాడు.

"నాన్నా, ఇది పందెం! స్పీడు పెంచు!"

"పోనీరా ఆల్లని. ఆల్లకేటి తొందరో."

అందరికంటే ఆఖరున వచ్చాడు. అయినా రిమోట్ కింద పెట్టలేదు. "ఒరే, ఎనకాల సీట్లో ఎవులూ లేరు కదా?" అన్నాడు.

"లేరు నాన్నా."

"కిరాయి లేకుండా బండి తోలడం నాకిదే మొదులు." పిల్లాడిలా నవ్వాడు. "ఎనక్కి ఇయ్యకురా. ఇంకోపాలి ఎట్టు."

కన్సోల్ ఖరీదెక్కువా అని ఎవరైనా అడిగితే ఎక్కువే అంటాను. కానీ ఎవరినీ ఎక్కడా దించాల్సిన పని లేకుండా నాన్న బండి తోలడం నేను చూశాను. అందుకు ఆ పెట్టెకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆ సాయంత్రమంతా నేను మాత్రం పక్కన కూర్చుని, ఎలా గెలవాలో ఆయనకి నేర్పుతూనే ఉన్నాను.