ఎస్తేరమ్మ తిట్లతో కట్టిన పాట

మానవపాడులో ఆటో నడిపే విజయ్ ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాడు. తల్లి ఎస్తేరమ్మ చనిపోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడికలో ఆమె మీద తానే ఒక పాట కట్టి పాడాలనుకున్నాడు. గిరాకీ లేనప్పుడు ఆటోలో కూర్చుని రాశాడు. దీపమన్నాడు, దేవతన్నాడు, కన్నీళ్లు తుడిచిన చెయ్యన్నాడు. రాగం బాగానే కుదిరింది.

గద్వాల నుంచి వచ్చిన అక్క సరితకు వినిపించాడు. ఆమె బియ్యం చెరుగుతూనే చివరిదాకా విన్నది.

"ఎవల మీద కట్టినవ్‌రా?"

"గదేందక్కా, అమ్మ మీదనే."

"అమ్మ ఎన్నడు తుడిచిందిరా నీ కన్నీళ్లు? ఏడిస్తే ఇంకోటి ఏస్తుండె."

విజయ్‌కు కోపం వచ్చింది గానీ, కాదనలేకపోయాడు. వాడి చిన్నతనంలో తల్లిదండ్రులు వాడిని ముసలవ్వ దగ్గర వదిలి మట్టిపనికి పుణె వలసపోయారు. తిరిగొచ్చిన రోజు వాడు తల్లిని గుర్తుపట్టక అవ్వ వెనక దాక్కున్నాడు. ఎస్తేరమ్మ ఏడవలేదు, దగ్గరికి తీసుకోలేదు. "ఎవలింటి పిల్లగాడే వీడు, ముక్కు గిట్ల కారుతుంటె తుడిచే దిక్కు లేదా?" అంటూ తన కొంగుతో గట్టిగా తుడిచింది. ముక్కు ఎర్రబడింది. ఆ తర్వాత ఆమె మళ్లీ వలస పోలేదు. విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలల్లో కూలికి కుదిరింది.

రాగం అదే ఉంచి, మాటలన్నీ తీసేసి అమ్మ తిట్లే పెట్టాడు, చివర ఆమె పేరు కలిపాడు.

*లేవురా మొద్దోడా, పొద్దు చేన్లకొచ్చె,*
*సద్ది కట్టిపెట్టిన, సతాయించక తిను...*

కూడిక రోజు స్నేహితుడు సాంసన్ కీబోర్డు తెస్తానన్నాడు. విజయ్ వద్దన్నాడు. "ఒక్క గిటార్ చాలు. అమ్మ మాటలు ఇనబడాలె."

పాట మొదలయ్యాక జనం ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. ఎస్తేరమ్మతో చేలల్లో పనిచేసిన లలితమ్మ మొదట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత చాలామంది నవ్వారు. తండ్రి దేవరాజు మాత్రం తలెత్తలేదు. భోజనాలయ్యాక కొడుకును పక్కకు పిలిచాడు.

"నన్ను తిట్టినయి ఒక్కటి గూడ పెట్టలే?"

"అవి చర్చిల పాడేటియి గావు నాయినా."

"గదీ నిజమే," అని దేవరాజు చేయి కడుక్కున్నాడు. భార్య పోయాక ఆయన ఆమె ఊసెత్తడం అదే మొదలు. ఆ సాయంత్రం చాలాసేపు ఆమె గురించే మాట్లాడాడు. విజయ్, సరిత ఎదురుగా కూర్చుని విన్నారు.

పత్తి పూత మీదికొచ్చాక విజయ్ ఒక పొద్దున కూలివాళ్లను చేను దగ్గర దించాడు. విత్తనం కట్టేందుకు పూలకు పుప్పొడి రుద్దుతూ ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. రాగం వాడిదే. తిట్లు మాత్రం ఎవరికి వారు తమ కొడుకులకూ అల్లుళ్లకూ సరిపడా మార్చుకున్నారు.

"లలితత్తా, అమ్మ పేరు తీసేసిన్రేంది?" అని గట్టు మీది నుంచి అడిగాడు.

"పేరెందుకురా? గట్ల తిట్టేది ఇంకెవలున్నరు?"

విజయ్ పాట అయ్యేదాకా గట్టు మీదే నిలబడి, ఆ తర్వాత ఆటో తిప్పాడు.