బండల గోడ వెనక ఫియట్

తాండూరులో బండల పాలిష్ మిషన్ మీద పనిచేసే నర్సప్ప వయసులో ఉన్నప్పుడు ట్యాక్సీ డ్రైవరు. ఆ మోజుతోనే మూలకుపడ్డ ఒక ఫియట్ కారు కొన్నాడు. మళ్లీ నడిపిద్దామని ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టి, ఇంజను దించాడు, గేరుబాక్సు విప్పాడు. అక్కడితో పని ఆగింది. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, బోల్టు పట్టు చిక్కడం లేదు.

కుక్కలు దూరి సీట్లు చింపుతున్నాయని షెడ్డు ముందు గోడలా నిలువు బండలు పాతింది కూడా అతనే. ఈ పక్క అందరూ బండను మట్టిలో పాతుతారు. కావాలంటే గడ్డపారతో లేపేయొచ్చు. నర్సప్ప మాత్రం గట్టిగా ఉండాలని కాంక్రీటు పోశాడు. మనిషి దూరే సందు ఒక్కటి వదిలి, దానికి తడిక కట్టాడు. కారు లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు కంది కోతలయి, గింజలు ఇంటికొస్తున్నాయి. బస్తాలకు షెడ్డు ఖాళీ కావాలని భార్య మార్త పట్టుబట్టింది. కారు అమ్ముతాడన్న కబురందుకుని ఇద్దరు ఒకేరోజు వచ్చారు.

రోడ్డు మీద ధాబా నడిపే కుమారస్వామి కారు మొత్తం అడిగాడు.

"బండలు నేనే పలగ్గొట్టిస్త నర్సన్నా. నీకేం ఫికర్ లేదు."

"నడిపిస్తవా?"

"నడిపి యాడికి పోవాలె? రంగేసి ధాబా ముంగట నిలబెడ్త. పోరగాళ్లు ఫొటోలు దిగుతరు."

రెండోవాడు వికారాబాద్ మెకానిక్ విజయ్‌కుమార్. అతని దగ్గర ఇంకో ఫియట్ రిపేరుకు ఉంది. దానికి ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు చాలు.

"డొల్ల నాకెందుకు కాకా, నువ్వే ఉంచుకో."

"మరి నాకిస్తె కారు కారులెక్కనే ఉంటది," అన్నాడు కుమారస్వామి. "ఈయన ఇప్పుకొని పోతె మిగిలేది రేకు."

ఆ మాట నర్సప్పకు తగిలింది. ముక్కలు చేసి అమ్మేది లేదని మార్తతో ఎన్నిసార్లో అన్నాడు. లోపలికి పోయి, నూనె రాసి గోనెసంచిలో చుట్టిపెట్టిన గేరుబాక్సు మీద చెయ్యి వేశాడు.

"నీ దగ్గరున్న గా బండి ఎవరిది?" అన్నాడు వెంట వచ్చిన విజయ్‌కుమార్‌తో.

"బషీరాబాద్ సారుది. దాంట్లనే బడికి పోతుండె. గిప్పుడు ఆటోల పోతుండు, మస్తు పరేషాన్ల ఉన్నడు."

"ఇది పడితె నడుస్తదా?"

"నడుస్తది కాకా."

నర్సప్ప బయటికొచ్చాడు. "స్వామీ, ఏమనుకోకు. నిలబడనీకె అయితె గీడ నిలబడే ఉన్నది గద."

ఇంజనును దుడ్డుకర్రకు కట్టి ఇద్దరు మనుషులు సందులోంచి పక్కకు తిరిగి మోసుకొచ్చారు. బండకు గీత కూడా పడలేదు.

సాయంత్రం మార్త వచ్చి చూసింది. "కారు అమ్మిన అన్నవు. గిదేంది మరి?"

"డొల్ల. బండలు ఊడయి."

ఆమె వెనక డోరు తెరిచి, అద్దాలు తట్టి చూసింది. "ఎలుకలు దూర్తయా?"

"స్టీరింగు పోయిన బొక్కకు గుడ్డ కుక్కిన. ఇంక దూరయి."

"అయితె పట్టు." గుమ్మం దగ్గరున్న కందుల బస్తా ఒక కొస అందుకుంది. "కందులకు ట్యాక్సీ కట్టిచ్చినవు, బాగున్నది."

బస్తా వెనక సీటు మీద కూర్చుంది. నర్సప్ప డోరు వేశాడు. పడలేదు. కొంచెం పైకెత్తి మళ్లీ లాగితే పడింది. ఆ డోరు మొదటినుంచీ అంతే.