మా కొట్టు మినహాయింపు తీసేసిన ఇన్‌స్పెక్టరు గారు

మా అమ్మాయికి ఉద్యోగం కాగితం వచ్చిన రోజే ఇన్‌స్పెక్టరు గారు పోయారు. ఆ సంగతి నాకు లిఫ్టులో తెలిసింది. మేమున్నది తొమ్మిదో అంతస్తు, ఆయనది నాలుగు. మా బ్లాకులో లిఫ్టు ఒకటి, ఐదు, తొమ్మిది అంతస్తుల్లోనే ఆగుతుంది. ఐదులో దిగి ఒక వరస మెట్లు దిగితే ఆయన గుమ్మం. అందరికన్నా ముందు ఆయనకే చెప్పాలని మిఠాయి డబ్బా పట్టుకుని లిఫ్టు ఎక్కాను. లోపలున్న పక్కింటి చైనా ఆవిడ డబ్బా వైపు చూసి, "అంకుల్, ఫోర్త్ ఫ్లోర్‌కా? తెలీదా? మార్నింగ్ మార్కెట్ నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, అంతే లా," అంది, ఈ ఊళ్ళో అందరి మాట చివరా తగిలే ఆ "లా"తో.

నేను ఐదులో దిగలేదు. కిందిదాకా వెళ్ళి, మళ్ళీ పైకి వచ్చి, డబ్బా ఇంట్లో పెట్టి, చొక్కా మార్చుకుని అప్పుడు వెళ్ళాను.

మన తెలుగు సంఘం సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమని దాన్ని నడిపే పిల్లలు అడిగారు. నేను పుట్టింది మలేసియా రబ్బరు తోటలో. తోట బడిలో ఐదు దాకా తెలుగు చదివాను, అంతే. పెద్దయ్యాక దేశం దాటి ఈ ఊరు వచ్చి, టాంపినీస్ పేటలో మా బ్లాక్ కింద మాంసం కొట్టు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. కత్తి పట్టిన చెయ్యి, కలం సరిగా నిలవదు. పైగా ఈ వారం నా ఒంట్లో సంతోషం పట్టడం లేదు! పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు పుట్టిన మా బంగారు తల్లికి సర్కారు ఉద్యోగం వచ్చింది. పోయినవారి గురించి రాస్తూ ఇలా అనకూడదేమో. ఉన్నది ఉన్నట్టు రాయమని నాకు నేర్పింది ఆయనే కనుక రాస్తున్నాను.

ఆయనా తోట పిల్లాడే. మాకంటే బాగా చదువుకుని, ఇక్కడికి వచ్చి, మాంసం తనిఖీ చేసే సర్కారు ఆఫీసులో చేరారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో ఒక చిన్న టార్చిలైటు, ఒక థర్మామీటరు. లిఫ్టులో కనిపిస్తే, "ఏం అన్నయ్యా, మోకాలు ఎలా ఉంది?" అని తెలుగులో పలకరించేవారు. అదే మనిషి కొట్టు గుమ్మం దాటితే ఇంగ్లీషే. "గుడ్ మార్నింగ్, సర్. ప్లీజ్ ఓపెన్ ద చిల్లర్." మాంసం దాచే చల్లటి పెట్టె తెరవమని. నన్ను ఎవరైనా సర్ అన్నారంటే ఈ ఊళ్ళో ఆయనొక్కరే.

ఆయన రిటైరయ్యేనాటికి తొమ్మిదేళ్ళుగా ఒకే బ్లాకులో ఉన్నాం. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన మా కొట్లో ఒక్క కోడికాలు కొనలేదు. ఒక టీ తాగలేదు. దాంతో మా ఆవిడ ఆయన పూర్తిగా శాకాహారి అని తేల్చేసింది. "పాపం, ఆ వాసన మధ్య ఎలా పనిచేస్తున్నారో," అని జాలిపడేది. పండగ వస్తే గుడ్డు కూడా తగలని గిన్నె వెతికి మరీ పులిహోర పంపేది. ఆ గిన్నె సాయంత్రానికల్లా అరటిపళ్ళతో తిరిగి వచ్చేది. మేం పంపినదానికి ఏమాత్రం తక్కువ కాకుండా.

ఇప్పుడు మినహాయింపు సంగతి చెప్పాలి. మేకనైనా కోడినైనా కోసిన చోటో, ఓడ దిగిన చోటో ఒకసారి అధికారులు చూస్తారు. ఆ తర్వాత దాన్ని ముక్కలు కొట్టి ఇళ్ళవాళ్ళకు అమ్ముకునే మా వంటి చిన్న కొట్లకు రోజువారీ తనిఖీ ఉండదు. ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసిపోతారు. అదీ మినహాయింపు. అయితే హోటళ్ళకూ క్యాంటీన్లకూ వంటకాంట్రాక్టు వాళ్ళకూ వేసేవాడికి అది వర్తించదు. వాడికి చల్లటి గది వేరే ఉండాలి, నేల వాలు వేరే ఉండాలి, తనిఖీ కూడా వేరే.

ఎందుకలా అని ఒకసారి లిఫ్టులో అడిగాను. లిఫ్టు కాబట్టి తెలుగులోనే చెప్పారు. "మీ ముక్క ఒక ఇంటికి వెళ్తే నలుగురు తింటారు. తేడా వస్తే నలుగురి కడుపునొప్పితో ఆగుతుంది. క్యాంటీనుకు వెళ్తే నాలుగు వందల మంది. మీ మీద నమ్మకం లేక కాదు అన్నయ్యా, ఆ నాలుగు వందల మందికి మీరెవరో తెలీదు."

ఆ రోజుల్లోనే మన కుర్రాళ్ళు కంప్యూటర్ పనులకు విమానాల నిండా దిగడం మొదలైంది. ఒక్కో ఫ్లాటులో ఆరుగురు, ఏడుగురు. గుంటూరు కుర్రాడు, వరంగల్లు కుర్రాడు ఒకే గదిలో ఉప్పు ఎక్కువైందని కొట్టుకునేవాళ్ళు. వాళ్ళకు వంట రాదు. మన నెల్లూరు ఆవిడ ఒకామె ఇంట్లో వండి క్యారియర్లు కట్టి ఆఫీసులకు పంపడం మొదలుపెట్టింది. మొదట రెండు కిలోలు, తర్వాత పది, ఆపైన రోజుకు ముప్ఫై. "అంకుల్, ముక్క అంతా ఒక్క సైజులో ఉండాలి, లేకపోతే ఒకడికి పెద్దది ఒకడికి చిన్నది పడి గొడవ," అనేది. నేను కొట్టి ఇచ్చేవాణ్ణి. మినహాయింపు మాట నాకు గుర్తు లేదంటే అబద్ధం. గుర్తుంది.

ఆ ఏడాది ఆయన ఆఫీసు నుంచి మినహాయింపు ఫారం వచ్చింది. మీరు ఎవరికి అమ్ముతారు అని అందులో ఒక ప్రశ్న. ఇళ్ళవాళ్ళకు మాత్రమేనా, హోటళ్ళు, వంటవాళ్ళకు కూడానా అని రెండు గడులు. నాకు ఇంగ్లీషు చదవడం, రాయడం రాదు కాబట్టి ఫారాలన్నీ మా అమ్మాయే నింపుతుంది. అప్పటికి దానికి పద్దెనిమిదేళ్ళు.

"ఇళ్ళవాళ్ళకు అని కొట్టమ్మా," అన్నాను.

"నాన్నా, క్యారియర్ ఆంటీ?"

"ఆమె మాత్రం ఇంట్లో వండట్లేదా?"

"హౌస్‌హోల్డ్ అంటే హౌస్‌లో వండడం కాదు లా, నాన్నా."

"రాయి తల్లీ, టైమవుతోంది."

రాసింది. అక్షరం ముత్యంలా ఉంటుంది మా పిల్లది. నేను కింద సంతకం పెట్టాను.

రెండు రోజులకు ఫారం తీసుకోవడానికి ఆయన వచ్చారు. "గుడ్ మార్నింగ్, సర్." చిల్లర్ తెరిచారు, థర్మామీటరు పెట్టారు. అంతా బాగానే ఉంది. గల్లా వైపు వస్తూ మూత పెట్టిన మూడు పెద్ద టబ్బుల దగ్గర ఆగారు. ఒక మూత తీసి లోపలికి టార్చిలైటు వేశారు. చాలాసేపు చూశారు. నాకు అర్థం కాలేదు. మాంసం తాజాదే, వాసన లేదు, ఐసు ఉంది.

"సర్, హౌస్‌వైవ్స్ వాంట్ డిఫరెంట్ సైజెస్," అన్నారు. ఒకావిడ పులుసుకు పెద్ద ముక్క అడుగుతుంది, ఒకావిడ వేపుడుకు చిన్నది అడుగుతుంది, పిల్లలున్నావిడ ఎముక వద్దంటుంది. మూడు టబ్బుల మాంసం ఒకే సైజు ఎవరికి? ఇన్నేళ్ళుగా కొడుతున్న నాకు తట్టని సంగతి ఆయన కళ్ళకు ఒక్క చూపులో చిక్కింది.

ఆయన ఫారం తీసి చదివారు. కళ్ళజోడు తీశారు.

"ఇది రాసింది ఎవరు?"

తెలుగులో అడిగారు! కొట్టు లోపల ఆయన తెలుగు మాట్లాడడం అదే మొదలు, అదే ఆఖరు.

"మా అమ్మాయి."

"సంతకం మీది, అక్షరాలు ఆ పిల్లవి. మీరైతే రేపో మాపో కొట్టు మూసి కూర్చుంటారు అన్నయ్యా. ఆ పిల్ల ముందుముందు ఎన్ని కాగితాలు రాయాలో. మొదలే ఇలా పెట్టిస్తారా?" అని, ఫారం నా వైపు జరిపి, సంచిలోంచి ఇంకో ఖాళీ ఫారం తీసి పక్కన పెట్టారు. "ఇది నేనింకా తీసుకోలేదు. రేపు పదింటికి వస్తాను."

ఆ సాయంత్రం మా ఇంట్లో పెద్ద రభస. "మన తెలుగాయనే కదా, కింద నాలుగో అంతస్తులోనే ఉన్నారు కదా, వెళ్ళి ఒక మాట చెప్పుకోండి," అంది మా ఆవిడ. "ఆయనతోనా? గోడకు చెప్పుకోవడం నయం," అన్నాను. నిజం రాస్తే మినహాయింపు పోతుంది, కొత్త గది కట్టి పాసయ్యేదాకా షట్టరు వేసుకోవాలి. అబద్ధమే మళ్ళీ రాస్తే ఆయన ఏం చేస్తారో తెలీదు. మా అమ్మాయి బల్ల దగ్గర ఖాళీ ఫారం పెట్టుకుని, కలం మూత తీసి కూర్చుంది. కోపం లేదు, ఏడుపు లేదు. "నాన్నా, నువ్వు చెప్పు, నేను రాస్తా. నువ్వేం చెప్తే అదే." నా ముఖంలోకి చూడకుండా కాగితం వైపే చూస్తూ అంది. ఆ చూడకపోవడం నేను భరించలేకపోయాను.

రెండో గడి కొట్టమన్నాను. రోజుకు ఎన్ని కిలోలో కూడా రాయించాను.

పదింటికి వచ్చారు. చదివారు. "థాంక్యూ, సర్." వారం తిరక్కుండా మినహాయింపు రద్దయిన కాగితం వచ్చింది. రెండు నెలలు కొట్టు మూతపడింది.

మన వాళ్ళు ఊరుకుంటారా? "మనవాడై ఉండి మనవాడి పొట్ట కొట్టాడు" అన్నారు. క్యారియర్ల ఆవిడ ఇంకో కొట్టు చూసుకుంటూ, "ఆ పులిహోర మనిషికి మాంసం బాధ ఏం తెలుసు అంకుల్!" అని తిట్టిపోసింది. నేనూ తక్కువ తినలేదు. లిఫ్టులో ఆయన కనిపిస్తే తల తిప్పుకున్నాను. ఆయన మాత్రం నా కోసం తొమ్మిది నొక్కి, ఐదులో దిగిపోయేవారు.

గది కడుతున్నప్పుడు చూడ్డానికి ఆయనే వచ్చేవారు. నేల మీద బకెట్ నీళ్ళు పోసి నిలబడేవారు. నీళ్ళు కాలవలోకి పోకుండా ఒక మూల ఆగితే, "సారీ, సర్," అని వెళ్ళిపోయేవారు. మూడుసార్లు పలకలు పీకించారు. ఇంత నీళ్ళకు ఇంత పట్టుదలా అని మేస్త్రీ తిట్టుకున్నాడు. మా అమ్మాయి మాత్రం కాలేజీ నుంచి నేరుగా వచ్చి ఆయన వెనకాలే తిరిగేది. వాలు ఎందుకు, గోడ మూల గుండ్రంగా ఎందుకు, నాలుగు డిగ్రీలు ఎందుకు. మా కొట్లో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, అది అడిగిన ప్రతి ప్రశ్నకూ నిలబడి జవాబు చెప్పేవారు. "క్రిములు నీకు కనబడవు. నీళ్ళు నిలిచిన చోటు కనబడుతుంది. కనబడేదాన్ని చూడు," అని ఆయన అన్న మాటను మా పిల్ల నోట్‌బుక్కు అట్ట మీద రాసుకుంది.

కొట్టు తెరిచాం. ఈసారి తలెత్తుకుని క్యాంటీన్లకు కూడా వేశాను. ఆ తర్వాతే మా పిల్ల కంప్యూటర్ సీటు వద్దని, ఆహారం మీద చదువుతానంది. "ప్రపంచమంతా కంప్యూటర్ల వెంట పడుతుంటే ఇది కోడికాళ్ళు చదువుతుందట," అని మన వాళ్ళు నవ్వారు. నవ్వనీ! నా తల్లి చదివింది.

రెండేళ్ళ కింద ఆయన రిటైరయ్యారు. ఆ మర్నాడు పొద్దున్నే, తెరవగానే, లుంగీ మీద చొక్కాతో సంచి పట్టుకుని వరసలో నిలబడ్డారు. తన వంతు వచ్చాక, "అన్నయ్యా, అర కిలో. తొడ, ఎముకతో. ముక్క కొంచెం పెద్దదిగా," అన్నారు.

గల్లా దగ్గరున్న మా ఆవిడ నోరు తెరిచింది. "అయ్యో! మీరు తింటారా?"

"తొమ్మిదేళ్ళుగా ఊరికి ఆ చివర, నా తనిఖీ లేని వుడ్‌ల్యాండ్స్ నుంచి మోసుకొస్తున్నానమ్మా. రైల్లో పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు."

"మరి ఆ పులిహోర..."

"అదీ తిన్నాను. చింతపండు తగ్గిస్తే ఇంకా బాగుంటుంది."

ఆ రోజు కొట్లో ఉన్నవాళ్ళందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. నేను ముక్కలు కొడుతుంటే మొద్దు వైపే చూస్తున్నారు, శుభ్రంగా ఉందో లేదో అని. ఆఖరిదాకా ఆ చూపు పోలేదు. ప్రతి ఆదివారం వచ్చారు. "అమ్మాయి ఎంతదాకా వచ్చింది?" అని అడగని ఆదివారం లేదు. తను మాత్రం ఆమె కోసం ఆఫీసులో ఒక్క మాట చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేదు. అడిగే ధైర్యం లేదు, ఆ అవసరం కూడా రాలేదు. ఆఫీసు వాళ్ళు పరీక్ష పెట్టారు, మా పిల్ల రాసింది, ఆయన చేసిన ఉద్యోగానికే కాగితం వచ్చింది.

చెప్పడానికి ఒక్క పూట ఆలస్యమైంది. అంతే.

మర్నాడు ఆయన్ని తీసుకువెళ్ళే వేళకు నాలుగో అంతస్తు వరండా నిండిపోయింది. చుట్టుపక్కల మార్కెట్ల నుంచి మాంసం కొట్టేవాళ్ళు పనిలోంచి అలాగే లేచి వచ్చారు. మలయ్ వాళ్ళు, చైనా వాళ్ళు, మన వాళ్ళు. వాళ్ళలో సగం మంది చేత ఆయన ఎప్పుడో ఒకప్పుడు షట్టరు వేయించారు. లోపలికి వెళ్ళేముందు గుమ్మం బయట తెల్ల రబ్బరు బూట్లు విప్పి, గోడ వెంట వరసగా పెట్టారు. వరండా చివరిదాకా బూట్లే. కడిగినవే, కానీ మడమల దగ్గర ఏళ్ళ మరక అలాగే ఉంది.

మా అమ్మాయి కాగితంలో రమ్మన్నట్టే ఆ పొద్దున ఆఫీసుకు వెళ్ళి యూనిఫాం, అలాంటివే తెల్ల బూట్లు తీసుకుని, ఇంటికి రాకుండా నేరుగా అక్కడికే వచ్చింది. కొత్తవి, నడిచి అలవాటు చేసుకోమన్నారట, వేసుకునే వచ్చింది. విప్పి వాళ్ళ వరస చివర పెట్టింది.

లిఫ్టు ఆగని అంతస్తు కనుక ఆయన్ని మెట్ల మీదుగా దించాలి. దారి చాలలేదు. పంది మాంసం కొట్టే ముసలి చైనా ఆయన బూట్లన్నీ కాలితో గోడకు జరుపుకుంటూ వచ్చాడు. ఆఖరి జత దగ్గర ఆగాడు. దాన్ని మాత్రం రెండు చేతులతో ఎత్తి, గోడకు ఆనించి పెట్టాడు. ఒక బూటు అడుగున సైజు చీటీ ఇంకా ఊడలేదు.