వత్తి నానబెట్టిన రోజు

ఆ రోజుల్లో ఎవరైనా నాతో నాలుగు మాటలు మాట్లాడితే అదే నాకు పండగ. చిన్నప్పటి ఆయాసం వల్ల బడికి పోలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ తనే చదువు చెప్పింది. ఆమె పోయాక ఇంట్లో పురాణాలే దిక్కయ్యాయి. నాన్న ట్రాక్టర్ మెకానిక్. మార్టూరు రోడ్డు మీది షెడ్డుకి పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. పదహారేళ్ళదాన్ని, పగలంతా గోడ గడియారంతో కబుర్లాడేదాన్ని (అదే నయం, గంటకోసారైనా పలికేది). "నన్నూ షెడ్డుకి తీసుకుపో నాన్నా" అని ఏడాదిపాటు ప్రాణం తీస్తే, చివరికి మెత్తబడ్డాడు. "రేపొక్కరోజు రా. పనికొస్తావో లేదో చూద్దాం."

అప్పుడు షెడ్డులో మేం 'మిరపకాయల బాబాయి' అనుకునే రైతు పాత ట్రాక్టరుంది. ఇంజను వెనక నుంచి ఆయిల్ కారి క్లచ్ జారిపోతోందని, నాన్న దాన్ని నడుము దగ్గర రెండుగా విడదీసి వచ్చాడు. సంచి గూట్లో పెట్టి, "అమ్మాయ్, వత్తి నూనెలో నానబెట్టు. పొద్దున్నే అదే మొదటి పని" అని స్నానానికి వెళ్ళాడు. నాన్నలో ఇంత భక్తి ఉందని అప్పటిదాకా తెలియదు (లేదని మర్నాడు తెలిసింది). దూది తీసి తొమ్మిది వత్తులు చేసి, శ్రద్ధగా నువ్వులనూనెలో నానబెట్టాను.

పొద్దున షెడ్డులో నాన్న ఇంజను కింద పడుకుని చెయ్యి చాపాడు. "వత్తి." ఇత్తడి పళ్ళెం అందించాను. ఆ చెయ్యి తడిమి, ఆగిపోయింది.

బండి కోసం వచ్చిన బాబాయి తొంగిచూశాడు. "ఏం మేస్త్రీ, బండి బాగుచేస్తావా, హారతిచ్చి సాగనంపుతావా?"

నాన్న అడిగింది, వెంట తెచ్చుకున్న ఆ సంచిలోని తాడు. పాత ఇంజన్లలో క్రాంకు చుట్టూ గాడిలో కూర్చుని ఆయిల్‌ని ఆపేది అదే. మెకానిక్కులు దాన్ని వత్తి అంటారట. ఇంజనాయిల్లో బాగా నానకుండా వేస్తే మాడిపోయి మళ్ళీ కారుతుంది. ఇంక నన్ను ఇంటికి పొమ్మంటాడనుకుని పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాను.

"అక్కడ కాయలు టిక్కీలకెత్తి, బస్తాల మూతులు కుట్టి పెట్టుకున్నాను, మిర్చి యార్డుకి ఎప్పుడెళ్ళను?" అన్నాడు బాబాయి.

"రేపు పోదువులే బాబాయ్. తప్పు నాది. ఏ వత్తో చెప్పలా."

"చెప్పాలా? ఇంజనుకి నువ్వులనూనె పోస్తారటమ్మా?"

"దేవుడికనుకున్నానండి."

"పోన్లే. మా ఆవిడైతే ఆవునెయ్యే పోసేది."

తాడు నానుతున్నంతసేపూ ఆయన కదల్లేక అక్కడే కూర్చుని, పత్తిలో పురుగు గురించి, తన మోకాలి గురించి, కోడలి పచ్చడి గురించి చెబుతూనే ఉన్నాడు. నేను వింటూనే ఉన్నాను. సాయంత్రం నాన్న ఆ తాడుని గాడిలో నా చేతే నొక్కించాడు. ఒక్కరోజు కాస్తా నా తెలివివల్ల రెండయింది.

మర్నాడు బండి అతికించి, స్టార్టు చేసి, కింద పాత పేపరు పరిచారు. ముగ్గురం వంగి చూశాం. ఒక్క చుక్కయినా పడితే బాగుండని (దేవుడు క్షమించాలి) నేను కోరుకున్నాను. పడితే బాబాయి మళ్ళీ వస్తాడు కదా. చుక్క పడలేదు. బండి వెళ్ళిపోయింది.

నాన్న చేతులు తుడుచుకుంటూ, నావైపు చూడకుండా అన్నాడు: "రేపు ఎనిమిదింటికి బయల్దేరదాం. ఇంకో బండి వస్తోంది."

నా కోరిక తోసేసి, అడగనిది ఇచ్చిన దేవుడికి ఆ పొద్దు దండం పెట్టుకున్నాను. మర్నాడు ఆరింటికే చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. "ఇంకా రెండు గంటలుంది, లోపల కూర్చోవే" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లేవదు.